రాణి దాచిన రహస్యము: అంత్రవృద్ధి చికిత్సా చరిత్రము

వ్యాధులలో కొన్ని దేహమును మాత్రమే బాధించును; కొన్ని దేహముతోపాటు లజ్జను గూడ బాధించును. రెండవ తెగవానిని మనము వైద్యునకు జూపుటకు మారుగా బట్టచాటున దాచుకొందుము. అంత్రవృద్ధి యట్టి వ్యాధి. కడుపుగోడలో బలహీనమైన చోట సందు ఏర్పడి, లోపలి క్రొవ్వుగాని ప్రేవుగాని చర్మము క్రిందికి పొడుచుకొని వచ్చుటయే దీని స్వరూపము. బొడ్డునొద్దను, గజ్జలయందును, పూర్వము కోసి కుట్టిన చోటను ఇది కనబడుచుండును. హెర్నియా యను పేరు నేడు పల్లెలలో సైతము వినబడుచున్నది.

ఇంగ్లండు రాజగు రెండవ జార్జి భార్య కారొలీను విద్యావతి, ధైర్యశాలిని. మశూచి రాకుండ ఆ వ్యాధి రసమునే చర్మమున కెక్కించు పద్ధతి ఆ దేశమున క్రొత్తదై, జనులు దానికి వెరచుచున్న దినములలో, 1722లో తన కుమార్తెల కిద్దరకు దానిని చేయించి యామె దారి చూపెను. అట్టి స్త్రీయే 1724లో కడపటి కాన్పు పిమ్మట బొడ్డునొద్ద బయలుదేరిన వాపును పదుమూడేండ్లు దాచెను. భర్తకు తెలిసినను నోరెత్తనీయలేదు. 1737 నవంబరు 9వ తేదీన దుర్భరమైన కడుపునొప్పి పట్టుకొనెను. వైద్యులు అసలు సంగతి నెరుగక శూలకు మందు లిచ్చుచుండిరి. తుదకు రాజే రహస్యమును వెల్లడించెను. అప్పటికి కాలము మించినది. మత్తుమందు లేని ఆ కాలమున శస్త్రవైద్యులు కోసి చూచిరి; ప్రేవు చెడిపోయి యుండెను. ఆ నెల 20వ తేదీన, ఏబదినాలుగేండ్ల వయసున, ఆమె మరణించెను. బిడ్డల విషయమున లోకమునకు జంకని తల్లి, తన దేహమును గూర్చి ఒక్క మాట చెప్పుటకు జంకెను!

ఈ వ్యాధి మన పూర్వులకు తెలియనిది కాదు. సుశ్రుతసంహిత వృద్ధిరోగములను ఏడు విధములుగా విభజించి, ప్రేవు దిగిన వాపును ఇతర వాపులనుండి వేరుగా చెప్పినది. బరువులు మోయుట, బలవంతునితో పెనగులాడుట, చెట్టునుండి పడుట మున్నగునవి కారణములని యెంచినది. ఒత్తిన శబ్దముతో లోనికి పోవుననియు, విడిచిన మరల ఉబ్బుననియు లక్షణము వ్రాసినది. వాపు గజ్జలయందే యున్నచో, అది దిగు మార్గమును మూయుటకై అర్ధచంద్రాకారముగల శలాకతో కాల్చుమనియు, వృషణకోశమునకు దిగినచో చికిత్స విడువుమనియు శాసించినది. మార్గమును మూయవలెనను ఈ యాలోచనయే తరువాతి శస్త్రచికిత్స కంతటికిని మూలసూత్రము. ఆలోచన యుండెను, సాధనము లేకుండెను.

యూరపునందును స్థితి యిట్టిదే. ఊరూర దిరుగు కోతగాండ్రు గజ్జలను కోసి, వాపుతోపాటు వృషణమును గూడ తీసివేయుచుండిరి. పదునారవ శతాబ్దిలో ఫ్రాన్సు దేశపు ఆంబ్రోస్ పారే ఈ క్రూరపద్ధతిని ఖండించెను. సామాన్యులకు నడుమునకు బిగించు పట్టీయే శరణ్య మయ్యెను. పట్టీ వాపును అదిమి యుంచును గాని సందును పూడ్పజాలదు.

పందొమ్మిదవ శతాబ్దిలో రెండు వరములు లభించెను. 1846లో బోస్టను నగరమున ఈథరు మత్తు బహిరంగముగా నిరూపింపబడెను. 1867లో లిస్టరు కార్బాలికామ్లముతో గాయములు కుళ్లకుండ జేయు విధానమును ప్రకటించెను. ఈ రెంటి యండతో ఇటలీలోని పాడువా నగరమున ఎడొఆర్డో బస్సీని గజ్జలగోడను పొర పొరగా గుర్తించి, పటిష్ఠముగా కుట్టు మార్గమును కనుగొనెను. ఈయన యౌవనమున, 1867లో, రోముకడ జరిగిన పోరులో గజ్జలయందు బాయొనెట్టు పోటు తిని బ్రతికినవాడు! 1889లో తన 262 శస్త్రచికిత్సల ఫలితములను గ్రంథముగా వెలువరించెను. కారొలీను నెత్తికొనిపోయిన బొడ్డు వాపునకు అమెరికాలో విలియం మేయో 1901లో ఒక చక్కని కుట్టు విధానమును ప్రకటించెను. పిమ్మట ప్లాస్టిక్కు నూలుతో నల్లిన వల వచ్చినది. కండలను బలవంతముగా లాగి కుట్టక, సందుపై వలను పరచు పద్ధతిని లాస్ ఏంజలెస్ నగరపు లిక్టెన్‌స్టైన్ 1980 తరువాతి దశకమున వ్యాపింపజేసెను. నేడు చిన్న రంధ్రములగుండ దుర్బీనితో జూచుచును ఈ పని చేయుచున్నారు.

శస్త్రచికిత్సకు ముందు సిద్ధపడుటకు గూడ చరిత్ర కలదు. మత్తులో నున్నవారి కడుపులోని పదార్థము ఊపిరితిత్తులలోనికి పోయి ప్రమాదము కలుగుటను న్యూయార్కు వైద్యుడు మెండెల్సన్ 1946లో విపులముగా వర్ణించెను. సాధారణముగా ఆరు గంటల ముందే ఆహారము మానుమని వైద్యులు చెప్పుట యిందుకే. అది ఆచారము కాదు, ప్రాణరక్షణము. ‘ఒక్క ముద్దకేమి’ యని ప్రేమతో తినిపించు తల్లులు దీనిని గుర్తింపవలెను. పొగత్రాగుట వారముల ముందే మానవలెను. దగ్గును, మలబద్ధకమును నయము చేసికొనవలెను. లేనిచో ఆ ఒత్తిడికి కుట్టు నిలువదు. మధుమేహము నదుపులో నుంచుకొనవలెను. రక్తము గడ్డకట్టకుండ వాడు మాత్రలున్నచో తప్పక చెప్పవలెను. వానిని తనంతట మానరాదు.

ప్రతి వాపునకును వెంటనే కత్తి యవసరము లేదు. పసిబిడ్డల బొడ్డు వాపు పెక్కుసారులు నాలుగైదేండ్లలో దానియంతటదే మానును. దానిపై నాణెము కట్టుట వ్యర్థము. పెద్దలలో మాత్రము మందులచే సందు మూయదు. ఎప్పుడు కోయవలెనో వైద్యుడు నిర్ణయించును. ఐతే వాపు గట్టిపడి లోనికి పోక, నొప్పి హెచ్చి, వాంతులై, అపానవాయువు బిగిసినచో అది గంటలతో లెక్కింపవలసిన యాపద. తైలము మర్దింపక, బలవంతముగా నెట్టక, తత్క్షణమే ఆసుపత్రికి పోవలెను.

కారొలీను కాలమున రహస్యము వెల్లడించినను రక్షించు విద్య లేకుండెనని యెవరైన ననవచ్చును. నిజమే. నేడు ఆ విద్య యున్నది. కాని అది మన యింటి గడప దాటి తనంతట లోనికి రాజాలదు. కాన్పు తరువాత కోడలు, బరువు మోసి మోసి వంగిన తండ్రి తమ బాధను చెప్పుకొన్నప్పుడు నవ్వక వినువారు ఇంట నొక్కరైన నుండవలెను. శస్త్రచికిత్సకు మొదటి సన్నాహము అదియే యని మేము తలంచుచున్నాము.