పిట్టను దగ్గరకు తెచ్చిన లెన్సు కథ

మన సంఘం ప్రత్యేక సంచికలో పింఛను సవరణలు, కరువు భత్యం బకాయిలు, బి.పి., షుగరు జాగ్రత్తలు, తీర్థయాత్రా విశేషాలు తప్పక ఉంటాయి. ఉండవలసినవే. ఈసారి పదవీ విరమణ తర్వాతి వ్యాపకాల గురించి కూడా రాయవచ్చని సంపాదకవర్గం వారు సెలవిచ్చారు గనుక, గత పదిహేనేళ్ళుగా నన్ను పట్టుకున్న పక్షుల ఫొటోల వ్యాపకం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. నేను తీసిన ఫొటోలు గొప్పవని కాదు. ఆ ఫొటోలు తీసే పొడవాటి లెన్సుకు నూట ముప్ఫై ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది. అది మన వంటి వారు తెలుసుకోదగినది.

ముందుగా ఒక చిన్న లెక్క. ముప్ఫై ఏళ్ళకు పైగా గుమాస్తాగిరీ చేసినవాణ్ణి, లెక్కతో మొదలుపెట్టకపోతే నాకు తోచదు. పాలపిట్ట పొడవు సుమారు 30 సెంటీమీటర్లు. అది మనకు 20 మీటర్ల దూరంలో తీగమీద కూర్చుందనుకోండి. మామూలు కెమేరాకు ఉండే 50 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల లెన్సుతో తీస్తే ఫిల్ముమీద ఆ పిట్ట బొమ్మ ముప్పాతిక మిల్లీమీటరు మాత్రమే పడుతుంది. ఆవగింజంత కూడా ఉండదు. అదే 400 మి.మీ. లెన్సుతో తీస్తే 6 మి.మీ., 600 మి.మీ. లెన్సుతో తీస్తే 9 మి.మీ. బొమ్మ వస్తుంది. ఫిల్ము చట్రం ఎత్తు 24 మి.మీ. అని గుర్తు పెట్టుకుంటే తేడా తెలుస్తుంది. మనుషుల్ని ఫొటో తీసేటప్పుడు "కొంచెం దగ్గరకు రండి" అనవచ్చు. పిట్టతో ఆ మాట చెల్లదు. మనం దగ్గరకు పోతే అది ఎగిరిపోతుంది. ఈ చిక్కును విప్పడానికే లెన్సు పొడుగయింది.

1891 ముచ్చట

నాభ్యంతరం 400 మి.మీ. కావాలంటే సాదా కుంభాకార కటకాన్ని ఫిల్ముకు 400 మి.మీ. దూరంలో పెట్టాలి. కెమేరా బారెడు పొడవవుతుంది. 1891లో ఇంగ్లండులో థామస్ డాల్‌మేయర్, జర్మనీలో అడాల్ఫ్ మీటె, అడాల్ఫ్ స్టైన్‌హైల్ అనే ముగ్గురు ఎవరికి వారుగా దీనికి ఒకే ఉపాయం కనిపెట్టారు. ముందు కుంభాకార కటక సముదాయం, వెనుక పుటాకార కటక సముదాయం పెడితే, గొట్టం పొట్టిగా ఉంటూనే బొమ్మ పెద్దదవుతుంది. దీనికే టెలిఫొటో లెన్సు అని పేరు. డాల్‌మేయర్ 1899లో ఈ విద్యమీద ఒక పుస్తకమే రాశాడు. ఆనాటి ఏర్పాటులో ముందు, వెనుక కటకాల మధ్య ఎడాన్ని మార్చి బొమ్మ పరిమాణాన్ని పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. మార్చినప్పుడల్లా మళ్ళీ ఫోకసు సరిచేసుకోవాలి. అంటే తర్వాతి కాలపు జూమ్ లెన్సుకూ, టెలికన్వర్టరుకూ విత్తనం అక్కడే పడిందన్నమాట.

కాని ఆ లెన్సులో వెలుతురు చాలా తక్కువ. గాజు పలకలు మందకొడివి. ఎగిరే పిట్ట మాట అటుంచి, తోక ఆడించే పిట్ట కూడా మసకగానే వచ్చేది. అందుచేత తొలినాటి వారు లెన్సుకన్నా మాటునే ఎక్కువ నమ్ముకున్నారు. ఇంగ్లండులో రిచర్డ్ కియర్టన్, చెర్రీ కియర్టన్ అనే అన్నదమ్ములు 1895లో పక్షి గూళ్ళమీద ఒక పుస్తకం వెలువరించారు. పూర్తిగా ప్రకృతిలో తీసిన ఫొటోలతో వచ్చిన తొలి గ్రంథాలలో అదొకటి. వారు ఎద్దు తోలును నిజమైన ఎద్దులా నిలబెట్టి, అందులో దూరి, దాని లోపలినుంచి ఫొటోలు తీసేవారు. నవ్వు వస్తుంది గాని, వారి పట్టుదల చూస్తే నమస్కారం పెట్టాలనిపిస్తుంది.

మన దేశంలో

మన దేశంలోనూ మొదట ఇదే పద్ధతి. ఈస్టిండియన్ రైల్వేలో ఉద్యోగం చేసిన ఇ.హెచ్.ఎన్. లోథర్ తన అనుభవాలను 1949లో పుస్తకంగా ప్రచురించాడు. ఉద్యోగం చేసుకుంటూ, దొరికిన సెలవుల్లో గూడు పక్కన మాటుగుడారం కట్టి గంటల తరబడి కూర్చున్న మనిషి. సలీం అలీ గారి స్నేహితుడు, సినిమా వ్యాపారి లోక్ వాన్ థో పుస్తకం 1957లో వచ్చింది. ఆయన ఎత్తయిన చెట్లలోని గూళ్ళకోసం మంచెలు కట్టించేవాడు. మద్రాసు ఎం. కృష్ణన్ గారు విడి భాగాలు కూర్చుకుని తనకు తానే కెమేరా తయారు చేసుకుని, నలుపు తెలుపులోనే అడవి జంతువుల్నీ పక్షుల్నీ తీశారు. 1970లో పద్మశ్రీ పొందిన ఆయన 1996లో స్వర్గస్థులయ్యారు.

ఈ గుడారాల పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. తల్లిపక్షి తప్పక తిరిగి వచ్చే చోటు గూడు ఒక్కటే. కనుక ఫొటోలన్నీ గూటి దగ్గరే. గూడు కనబడటానికి అడ్డువచ్చిన కొమ్మలు వంచేవారు, ఆకులు తీసేవారు. ఆ కొమ్మలూ ఆకులే గూటికి ఎండనుంచీ కాకులనుంచీ రక్షణ. లోథర్ వంటి అనుభవజ్ఞులు ఎంతో జాగ్రత్త పడి ఉండవచ్చు. వారిని చూసి బయలుదేరిన వారందరికీ అంత ఓపిక ఉంటుందా?

జూమ్ వచ్చింది

1959లో ఫోక్ట్‌లాండర్ కంపెనీ 36 నుంచి 82 మి.మీ. వరకు మారే జూమార్ లెన్సును అమ్మకానికి తెచ్చింది. 35 మి.మీ. ఫిల్ము కెమేరాలకు తయారైన మొదటి జూమ్ లెన్సు అదే. అదే ఏడు జపాన్‌లో నికాన్ వారు 85 నుంచి 250 మి.మీ. జూమ్‌నూ, 1961లో 200 నుంచి 600 మి.మీ. జూమ్‌నూ తెచ్చారు. రెండవదాని గరిష్ఠ ద్వారం ఎఫ్/9.5. అంటే ఎండ దండిగా ఉంటే తప్ప ఉపయోగం లేదు. లెన్సు పొడవు పెరిగినకొద్దీ రంగుల అంచులు విడిపోయే దోషం కూడా ఎక్కువవుతుంది. 1969లో కేనన్ వారు ఫ్లోరైటు స్ఫటికంతో 300 మి.మీ. లెన్సు తయారుచేసి ఆ దోషాన్ని తగ్గించారు. తర్వాత ప్రత్యేక గాజులు వచ్చాయి.

ఆ రోజుల్లో ఇవన్నీ మనకు పత్రికల్లో చూసే వస్తువులే. మన ఇళ్ళలో ఉన్నది ఆగ్ఫా క్లిక్-3. ఒక రీలుకు పన్నెండు ఫొటోలు. పెళ్ళికి నాలుగు, తిరుపతికి నాలుగు, మిగిలినవి పిల్లల పుట్టినరోజులకు. విదేశీ లెన్సుమీద కస్టమ్స్ సుంకం కట్టి కొనడం గుమాస్తా జీతంలో జరిగే పని కాదు.

టెలికన్వర్టరు - జమా ఖర్చులు

పెద్ద లెన్సు కొనలేని వారికి దొరికిన దగ్గరి దారి టెలికన్వర్టరు. ఇది కెమేరాకూ లెన్సుకూ మధ్య బిగించే చిన్న గొట్టం. లోపల పుటాకార శక్తి గల కటకాలుంటాయి. లెన్సు ఇచ్చిన బొమ్మలోని నడిమి భాగాన్ని ఇవి విస్తరింపజేస్తాయి. 1830లలో పీటర్ బార్లో దూరదర్శినుల కోసం చేయించిన కటకం సూత్రమే ఇదీను.

దీని జమా వైపు చూస్తే: 400 మి.మీ. లెన్సుకు రెండింతల కన్వర్టరు తగిలిస్తే 800 మి.మీ. అవుతుంది. మన పాలపిట్ట బొమ్మ 6 నుంచి 12 మి.మీ.కు పెరుగుతుంది. లెన్సు ఎంత దగ్గరి వస్తువును ఫోకసు చేయగలదో ఆ దూరం మారదు. బరువు పెద్దగా పెరగదు.

ఇక ఖర్చు వైపు: వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. ఎఫ్/5.6 లెన్సు ఎఫ్/11 అవుతుంది. 100 ఎ.ఎస్.ఎ. ఫిల్ముతో నిండు ఎండలో ఎఫ్/5.6 వద్ద సెకనులో 800వ వంతు వేగం దొరికితే, ఎఫ్/11 వద్ద 200వ వంతే దొరుకుతుంది. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు నాభ్యంతరం ఎంతో అన్నో వంతు వేగం ఉండాలని పాతకాలపు సూత్రం. అంటే 800 మి.మీ.కు 800వ వంతు కావాలి. కావలసింది పెరిగింది, చేతిలో ఉన్నది తగ్గింది. ఈ లోటును ముక్కాలి స్టాండుతో భర్తీ చేసుకోవాలి. పైగా కన్వర్టరు పిట్టనొక్కదాన్నే పెద్దది చేయదు, లెన్సులోని లోపాల్ని కూడా పెద్దవి చేస్తుంది. అందుకే 1.4 రెట్ల కన్వర్టరును తెలిసినవారు ఎక్కువ ఇష్టపడతారు. దానికి వెలుతురు నష్టం సగమే.

1985లో మినోల్టా 7000తో కెమేరా తానే ఫోకసు చేసుకునే సౌకర్యం స్థిరపడింది. ఆ పద్ధతి కెమేరాలు చాలావాటికి ఎఫ్/5.6కన్నా వెలుతురు తగ్గితే ఫోకసు కుదిరేది కాదు. తర్వాత కొన్నిటిలో ఎఫ్/8 దాకా వచ్చింది. జూమ్ లెన్సుకు కన్వర్టరు తగిలించిన వారు ఈ హద్దు దగ్గరే ఆగిపోయేవారు. ఇప్పటి అద్దంలేని కెమేరాలు ఎఫ్/11 దాటినా ఫోకసు చేస్తున్నాయి. 2013లో కేనన్ వారైతే 200-400 మి.మీ. జూమ్‌లోనే 1.4 రెట్ల కన్వర్టరును ఇమిడ్చి, మీట నొక్కితే లోపలికి వచ్చేలా చేశారు.

వణికే చేతులకు వరం

మన వయసు వారికి అన్నిటికన్నా ముఖ్యమైన సంవత్సరం 1995. ఆ ఏడు కేనన్ వారి 75-300 మి.మీ. జూమ్‌లో చేతి వణుకును సరిదిద్దే యంత్రాంగం వచ్చింది. చిన్న సెన్సర్లు వణుకును పసిగడతాయి. ఒక కటక సముదాయం దానికి ఎదురు దిశలో కదిలి బొమ్మను నిలబెడుతుంది. 1998లో అదే కంపెనీ 100-400, 2000లో నికాన్ 80-400 ఈ సౌకర్యంతో వచ్చాయి. 2013 చివర టామ్రాన్ వారి 150-600, 2014లో సిగ్మా వారి 150-600, 2015లో నికాన్ 200-500 వచ్చాక 500, 600 మి.మీ. పొడవు మధ్యతరగతి వారికి కూడా అందే వస్తువయింది. టామ్రాన్ లెన్సు బరువు రెండు కిలోలలోపే. మా ఆవిడ తెచ్చే కూరగాయల సంచీ అంతకన్నా బరువు.

నేలపట్టులో చూసినది

సూళ్ళూరుపేట దగ్గరి నేలపట్టు చెరువుకు అక్టోబరు నుంచి మార్చి దాకా గూడబాతులు వచ్చి, నీళ్ళలో నిలిచిన చెట్లమీద గూళ్ళు పెడతాయి. 1976లో దాన్ని సంరక్షణ కేంద్రం చేశారు. కొన్నేళ్ళ క్రితం అక్కడి గట్టుమీద నా పక్కనున్న ఒక కుర్రవాడు చిన్న లెన్సుతో గట్టు దిగి నీటి అంచుకు పోబోయాడు. కాపలాదారు గొంతు పెంచకుండానే, "ముందుకు పోబాక బాబూ. పెద్దవి లేస్తే పిల్లలు ఎండకు మాడిపోతాయి. కాకులు కాచుకోనుండాయి," అన్నాడు. ఆ కుర్రవాడు బుద్ధిమంతుడు, ఆగిపోయాడు. నా 150-600 ఇచ్చి, "దీంతో ఇక్కణ్ణుంచే చూడు నాయనా," అన్నాను. చూసి చాలాసేపు మాట్లాడలేదు. తల్లి సంచీలో పిల్ల తల దూర్చి తినడం అతనికి కనబడుతోంది. ఒక్క పక్షీ లేవలేదు.

నూట ముప్ఫై ఏళ్ళ చరిత్రకు అర్థం నాకు అక్కడే బోధపడింది. పొడవాటి లెన్సు వల్ల మనకు కలిగిన లాభం పెద్ద బొమ్మ. పక్షికి కలిగిన లాభం దూరం. రెండవదే పెద్ద లాభం. ఈ రోజున కొన్ని ఫొటో పోటీల వారు గూటి ఫొటోలను స్వీకరించడం లేదు. కియర్టన్ సోదరుల కాలంలో అలా అంటే పోటీకి ఫొటోలే వచ్చేవి కావు. ఇప్పుడు అనగలుగుతున్నారంటే దానికి పరికరం మెరుగుపడటమే ఆధారం. అయితే 600 మి.మీ. చేతిలో ఉండి కూడా, ఇంకా పెద్ద బొమ్మ కావాలని ముందుకు జరిగే వారు లేకపోలేదు. అటువంటి చేతిలో లెన్సు పొడవు ఎంతయినా ఒకటే.

లెన్సుకు లొంగని పిట్టలు కూడా ఉన్నాయని మరువరాదు. జెర్డన్ దొర పేరు మీదున్న మన కలివి కోడి 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్నాక, 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వారికి స్థానిక వేటగాడి సాయంతో దొరికింది. అది రాత్రి తిరిగే పక్షి. దాని జాడకోసం 2000 తర్వాత శాస్త్రజ్ఞులు నేలను చదునుచేసి అడుగుజాడలు వెతికారు, పొదల మధ్య తనంతట తానే ఫొటో తీసే కెమేరాలు అమర్చారు. అక్కడ మనిషి కంటే మనిషి లేకపోవడమే పనికివచ్చింది.

చివరగా, ఆసక్తి గల మిత్రులకు రెండు మాటలు. గ్రాట్యుటీ సొమ్ము లెన్సుమీద పెట్టకండి. ముందు బైనాక్యులర్స్ కొని ఒక శీతకాలం పిట్టల్ని చూడండి. కోరిక నిలిస్తే చేతి వణుకును సరిదిద్దే జూమ్ ఒకటి చాలు. వాడినది మంచి స్థితిలో దొరికినా సరే. కన్వర్టరు కొనేముందు మీ లెన్సు గరిష్ఠ ద్వారం ఎంతో, మీ కెమేరా ఎంతదాకా ఫోకసు చేయగలదో కాగితంమీద వేసుకోండి. తెల్లవారుజామున కన్వర్టరు తీసి పక్కన పెట్టండి, ఎండెక్కాక తగిలించుకోండి. పిట్ట మేత మాని మీవైపే చూస్తోందంటే మీరు ఎక్కువ దగ్గరకు వచ్చారని తెలుసుకుని, రెండడుగులు వెనక్కు వేయండి. మనవళ్ళను వెంట తీసుకువెళితే ఈ చివరి మాట వారికి ముందుగా చెప్పండి.