మీటర్‌గేజి మీద చంపా దేశం

గుంటూరులో ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకి చరిత్ర చెప్పాను. అందులో చంపా రాజ్యం వాటా మహా అయితే అరగంట. 'బృహత్తర భారతం' అనే పాఠంలో కంబోడియా, జావా, సుమత్రాలతో పాటు అదీ ఒక పేరా. అక్కడ శివాలయాలు కట్టారు, సంస్కృతంలో శాసనాలు వేశారు, ఒక మండలాన్ని అమరావతి అని పిలిచారు, 1471లో అంతరించారు. అమరావతి దగ్గర మాత్రం కొంచెం ఆగేదాన్ని. మా పిల్లల్లో సగం మంది కృష్ణ ఒడ్డు ఊళ్ళవాళ్ళే. "చూశారా, మన ఊరి పేరు సముద్రం దాటింది" అనగానే వాళ్ళ మొహాలు వెలిగేవి. పరీక్షలో ఆ ప్రశ్న ఎప్పుడూ రాలేదనుకోండి, అది వేరే సంగతి.

రిటైరయ్యాక ఆ రెండో అమరావతి చూడాల్సిందేనని పట్టుబట్టాను. మావారు రైల్వేలో గార్డుగా చేశారు. ఆయనకి చంపా మీద ఏ ఆసక్తీ లేదు. వియత్నాంలో పెద్ద లైను ఇప్పటికీ మీటర్‌గేజే అని ఎక్కడో చదివారు, అందుకని ఒప్పుకున్నారు. గుంటూరు-గుంతకల్లు లైను బ్రాడ్‌గేజి అయినప్పటినుంచీ ఆయనకి ఆ గేజి మీద బెంగ. ఒకటే షరతు పెట్టారు: విమానం టికెట్లు పోను, పదహారు రోజులకి ఇద్దరికీ కలిపి ఎనభై వేలు దాటకూడదు. దానికోసం ఒక పాకెట్ నోటుబుక్కు కొన్నారు. మా రూపాయికి అక్కడ సుమారు మూడు వందల డాంగ్‌లు. మొదటి రోజు పేజీ చూస్తే కోటీశ్వరుల ఇంటి పద్దులా ఉంది.

హనోయి నుంచి సైగాన్‌కి 1,726 కిలోమీటర్లు. ఫ్రెంచివాళ్ళు ముక్కలు ముక్కలుగా వేస్తూ 1936కి ఈ లైను పూర్తి చేశారు. ఆ తర్వాత దేశం రెండయింది, యుద్ధంలో వంతెనలు కూలాయి. 1975లో యుద్ధం ముగిశాక రాత్రింబవళ్ళు పనిచేసి, 1976 డిసెంబరు 31న రైళ్ళు మళ్ళీ ఆ చివర నుంచి ఈ చివరకి నడిపారు. ఇదంతా మావారు నాకు పాఠంలా చెప్పారు. ఆరు బెర్తుల పెట్టెలో అన్నిటికన్నా పైవి చవక అని అవే తీసుకున్నారు. నా మోకాళ్ళ సంగతి ఆయన లెక్కలో లేదు. నిచ్చెన దగ్గర నిలబడ్డ నన్ను చూసి కింది బెర్తు కుర్రాడు ఒక్కమాట మాట్లాడకుండా తన దుప్పటి తీసుకుని పైకెక్కిపోయాడు. పెట్టె చివర వేడినీళ్ళ కుళాయి ఉంటుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న అటుకులు, పులిహోర పొడి, ఆ నీళ్ళు, అయిపోయింది భోజనం. ఊళ్ళలో 'చాయ్' అని బోర్డు కనపడితే మొదట టీకొట్టు అనుకుని లోపలికి వెళ్ళాం. శాకాహారం అని అర్థమట. పదహారు రోజులు ఆ బోర్డే మమ్మల్ని బతికించింది.

హ్యూ దాటి దక్షిణానికి వస్తుంటే హాయ్ వాన్ కనుమ వస్తుంది. రైలు ఒక పక్క కొండని, ఇంకో పక్క సముద్రాన్ని ఒరుసుకుంటూ పోతుంది. ఒకప్పుడు ఇటువైపు చంపా, అటువైపు దై వియత్ అనే వియత్నామీ రాజ్యం. నిజానికి ఈ హద్దు ఒక పెళ్ళితో వచ్చింది. గద్దె దిగి సన్యసించిన దై వియత్ రాజు త్రాన్ న్యాన్ తోంగ్ 1301లో చంపా వచ్చి, కూతురు హుయెన్ త్రాన్‌ని చంపా రాజుకిస్తానని మాటిచ్చాడు. ఆ రాజు జయసింహవర్మ, వియత్నాం వాళ్ళు చె మాన్ అంటారు. 1306లో పెళ్ళయింది. కన్యాశుల్కంగా చె మాన్ కనుమకి ఉత్తరాన ఉన్న రెండు మండలాలు రాసిచ్చాడు. మేం అప్పుడే దాటివచ్చిన హ్యూ ఊరు ఆ భూమిలోదే. మరుసటి ఏడాదే ఆయన పోయాడు. రాణిని చితి ఎక్కిస్తారని తెలిసి ఒక సేనాని వచ్చి ఓడలో తప్పించి తీసుకుపోయాడని వియత్నాం చరిత్రల్లో రాసుకున్నారు. భూమి తీసుకున్నవాళ్ళు రాసిన కథ ఇది. చితి దాకా దాన్ని నమ్మడానికి నాకు మనసొప్పదు.

"పెళ్ళికి రెండు జిల్లాలా! మీ నాన్న నాకో హెచ్.ఎం.టి. వాచీతో సరిపెట్టాడు" అన్నారు మావారు.

"ఇక్కడ ఇచ్చింది పెళ్ళికొడుకండీ" అన్నాను. ఆయన కిటికీలోంచి సముద్రం చూడ్డం మొదలుపెట్టారు.

దనాంగ్‌లో దిగి, మర్నాడు పదిమందితో కలిసి చిన్న బస్సులో మీ సోన్ వెళ్ళాం. కొండల మధ్య గిన్నెలాంటి లోయ. నాలుగో శతాబ్దం చివర్లో భద్రవర్మ అనే రాజు ఇక్కడ భద్రేశ్వరుడని లింగాన్ని ప్రతిష్ఠించాడు. తర్వాతి రాజులు ఒక్కొక్కరూ ఇటుక గుళ్ళు కడుతూ పోయారు. ఆ ఇటుకల మధ్య సున్నం గీత కనపడదు. వెయ్యేళ్ళ ఇటుక ఎర్రగా ఉంది, నిన్నగాక మొన్న మరమ్మతుకి పెట్టిందేమో నాచు పట్టింది. 1969 ఆగస్టులో అమెరికా బాంబులు పడి ఎ-1 అనే పెద్ద గుడి కూలిపోయింది. బాంబు గుంటలు ఇప్పటికీ ఉన్నాయి, గడ్డి మొలిచి. కజిమియెర్జ్ క్వియత్కోవ్‌స్కీ అనే పోలండు ఆర్కిటెక్టు ఏళ్ళ తరబడి ఇక్కడే ఉండి మిగిలినవాటిని నిలబెట్టాడు. 1997లో హ్యూలోనే పోయాడు. మన పురావస్తు శాఖ వాళ్ళు కూడా 2017 నుంచి కొన్నేళ్ళు పనిచేశారు. 2020లో వాళ్ళ తవ్వకాల్లో ఇసుకరాతి ఏకశిలా లింగం ఒకటి బయటపడింది. అది విని బస్సులోని ఒక ఉత్తరాది జంట "సబ్ హమారా హీ తో హై" అనుకున్నారు. నేను ముప్పై ఏళ్ళు క్లాసులో అన్నమాటే. కానీ ఇంకొకరి నోట వింటే ఎందుకో ఇబ్బందిగా అనిపించింది.

తిరిగి వస్తుంటే మావారు మామూలుగా, వేరుశెనక్కాయలు వలుస్తూ అడిగారు. "అసలు మన అమరావతికి ఆ పేరు ఎప్పుడొచ్చిందోయ్?"

నాకు నోట మాట రాలేదు. జవాబు తెలియక కాదు. స్తూపం కట్టిన నాటి ఊరు ధాన్యకటకం. శాసనాలు చెప్పే పేరు అదే. ధరణికోట అని ఇప్పటికీ పక్కనే ఉంది. అమరావతి అన్న పేరు అమరేశ్వరస్వామి వల్ల వచ్చింది. ఇప్పుడు మనం చూసే పట్నం పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించింది. ఇది నేను ఆంధ్రుల చరిత్ర పాఠంలో చెప్పేదాన్ని. చంపా అమరావతి ఇంకో పాఠంలో, ఇంకో టర్ములో. రెండు పాఠాలూ నా నోటినుంచే వచ్చాయి, ఒక్కసారైనా పక్కపక్కన పెట్టుకోలేదు. చంపా వాళ్ళు ఇంద్రుడి పట్నం పేరు పెట్టుకున్నారని అనుకోవడమే తేలిక. దానికి గుంటూరు జిల్లాతో పనిలేదు.

అలాగని సంబంధమే లేదనను. మీ సోన్‌కి కాస్త దక్షిణాన దొంగ్ దువొంగ్‌లో 1911లో దొరికిన కంచు బుద్ధుడు ఉన్నాడు, ఇప్పుడు సైగాన్ మ్యూజియంలో. ఆ చీవరం మడతల్లో అమరావతి శిల్పం ఛాయలున్నాయని కొందరు పండితులు, కాదు సింహళానివని కొందరు. రేవుల మీదుగా బొమ్మలూ, లిపీ, దేవుళ్ళూ తిరిగారు. తిరగడం వేరు, ఏలడం వేరు. ఆర్.సి. మజుందార్ 1927లో చంపా మీద రాసిన పుస్తకాన్ని 'ప్రాచీన భారతీయ వలసలు' అన్న వరసలో వేశారు. పరాయి పాలనలో ఉన్న జాతికి ఒకప్పుడు మాకూ వలసలుండేవి అనుకోవడం ఒక ఊరట. ఆ తరాన్ని నేను తప్పుపట్టను. స్వాతంత్ర్యం వచ్చాక కూడా అదే నోట్సు చదివిన నా సంగతే ఆలోచిస్తున్నాను.

అక్కణ్ణించి నేరుగా సైగాన్ వెళ్ళాల్సింది. పదిహేడు, పద్దెనిమిది గంటలు ఒక్క ఊపున కూర్చోలేం, మధ్యలో ఎక్కడైనా దిగుదాం అన్నారాయన. న్యా త్రాంగ్‌లో సముద్రం ఒడ్డున గదుల రేట్లు చూసి నోటుబుక్కు మూసేశారు. ఇంకో రెండు గంటలు పోతే థాప్ చామ్ అని స్టేషనుంది, గది సగం ధర అన్నారు. అది ఫాన్ రాంగ్ ఊరి స్టేషను, ఫాన్ రాంగ్ అంటే పాత పాండురంగ. నా చదువు నన్ను అక్కడికి తీసుకెళ్ళలేదు, ఆయన లెక్క తీసుకెళ్ళింది.

స్టేషను దగ్గర్లోనే గుట్ట, గుట్ట మీద పో క్లాంగ్ గరాయ్ గుడి. ద్వారం మీద నాట్యం చేస్తున్న శివుడు, లోపల ముఖలింగం. కట్టించినవాడు జయసింహవర్మ, అంటే మన కన్యాశుల్కం పెళ్ళికొడుకే. లోపల అగరొత్తులు వెలుగుతున్నాయి, పళ్ళు పెట్టి ఉన్నాయి. మీ సోన్‌లో లేనిది ఇక్కడుంది, పూజ. ఏటా కాతే పండగకి దేవుడి బట్టలు కొండల్లోని రగ్లాయ్ జనం మోసుకొస్తారు. నేను 1471 అని చెప్పేది విజయ నగరం పడిపోయిన ఏడు. పాండురంగ 1832 దాకా ఏదో ఒక రూపంలో నిలిచింది. రాజ్యం పోయింది గానీ మనుషులు పోలేదు. 2019 జనాభా లెక్కల్లో వియత్నాంలో చామ్‌లు లక్షా డెబ్భై ఎనిమిది వేలు. వాళ్ళల్లో శివుణ్ణి కొలిచేవాళ్ళున్నారు, తమదైన పద్ధతిలో ఇస్లాం పాటించేవాళ్ళున్నారు. ఆస్తి కూతుళ్ళకి, మొగుడు ఇల్లరికం.

సాయంత్రం బావు త్రుక్ అనే కుమ్మరి ఊరికి వెళ్ళాం. అక్కడ కుండలు చేసేది ఆడవాళ్ళు. సారె లేదు. కుండ కదలదు, మనిషే దానిచుట్టూ వెనక్కి వెనక్కి నడుస్తుంది. ఒకావిడ చేస్తుంటే మావారు వంగుని ఆవిడ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడుతున్నారు. ఆవిడ చిన్న కూతురు బడి పుస్తకం తెచ్చి చూపించింది. చామ్ అక్షరాలు. మన బ్రాహ్మి లిపి కడుపున పుట్టినవే, కానీ ఒక్కటీ చదవలేకపోయాను. ఆ పిల్ల వేలు పెట్టి చదువుతుంటే క, ఖ, గ, ఘ అని వరస మాత్రం మనదే. పేజీ తిప్పి మాటలు చదివింది. అవి మలయ్ భాష చుట్టాలు, నాకు ఒక్కటీ అంతుపట్టలేదు.

సైగాన్‌లో చదువుతున్న పెద్దకూతురికి ఇంగ్లీషు వచ్చు. ఎక్కడినుంచి వచ్చారంది. అమరావతి దగ్గర అన్నాను. ఆ పిల్ల ఆశ్చర్యపోయింది, తల్లికి చెప్పింది. తల్లి నడక ఆపి ఏదో అడిగింది.

"మీ ఊరికి ఆ పేరెలా వచ్చిందని అడుగుతోంది. పూర్వం చామ్‌లెవరైనా అక్కడికి వచ్చి ఉంటారా అని."

వాళ్ళ ముంగిట్లో పీట మీద కూర్చుని వాళ్ళకి అమరేశ్వరుడి గురించీ, వెంకటాద్రి నాయుడి గురించీ చెప్పాను. చాలాసేపే పట్టింది. తల్లి మళ్ళీ కుండ చుట్టూ తిరుగుతూనే వింది.

వచ్చేటప్పుడు చిన్న కూజా ఒకటి కొన్నాం. బేరం ఆడొద్దని మావారి మోచెయ్యి పట్టుకున్నాను. సైగాన్ దాకా ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నారు. నోటుబుక్కులో ఆ రోజు చివరి పద్దు: "కూజా. 1,50,000. ఇది నా ఖాతా."