టీం మారింది మనమా, వాళ్ళా?

2025 అక్టోబర్లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. ఆ వార్త వచ్చిన రోజు లంచ్ దగ్గర మా టీమ్మేట్ ఒకాయన అడిగాడు: "అయితే ఇప్పుడు ఢిల్లీకి సపోర్టా? లేక గోడ దూకేస్తావా?" అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ సాయంత్రం క్యాబ్‌లో గచ్చిబౌలి స్టేడియం దాటుతుంటే మళ్ళీ అదే ప్రశ్న. ఫుట్‌బాల్లో టీం మార్చిన అభిమానికి, పార్టీ ఫిరాయించిన ఎమ్మెల్యేకి ఉన్నంత మర్యాద కూడా ఉండదు. మరి టీమే ఊరొదిలి వెళ్ళిపోతే ఫిరాయించింది ఎవరు?

ఈ ప్రశ్నకి ఇంగ్లండులో కొంతమంది మామూలు జనం 2002లో జవాబు చెప్పారు. వింబుల్డన్ అనగానే మనకి టెన్నిస్సే గుర్తొస్తుంది గానీ, లండన్లోని ఆ పేటకి 1889 నుంచీ ఒక ఫుట్‌బాల్ క్లబ్బుంది. 1912 నుంచి ప్లౌ లేన్ అనే చిన్న గ్రౌండులో ఆడేవాళ్ళు. దశాబ్దాలపాటు ఎవరూ పట్టించుకోని చిన్న లీగుల్లో ఆడి, 1977లో ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చారు. తొమ్మిదేళ్ళలో, అంటే 1986కల్లా, టాప్ డివిజన్‌లో ఉన్నారు. 1988 ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో ఆనాటి లీగ్ చాంపియన్ లివర్‌పూల్‌ని 1-0తో కొట్టారు. గోల్ లారీ సాంచెజ్‌ది. ఆల్డ్రిడ్జ్ కొట్టిన పెనాల్టీని గోల్ కీపర్ డేవ్ బెసంట్ ఆపేశాడు. ఆ వీడియో చూడకపోతే ఒకసారి చూడండి, నేను చెప్పే మిగతా కథ కంటే అదే బాగుంటుంది :)

1991లో ప్లౌ లేన్ వదిలేసి క్రిస్టల్ ప్యాలెస్ వాళ్ళ గ్రౌండులో అద్దెకి చేరారు. 2000లో ప్రీమియర్ లీగ్ నుంచి కిందకి పడ్డారు. మరుసటేడు యాజమాన్యం, క్లబ్బుని దాదాపు తొంభై కిలోమీటర్ల దూరంలో ఉన్న మిల్టన్ కీన్స్‌కి తీసుకెళ్తామంది. అభిమానులు గోల చేశారు. చివరికి ముగ్గురు సభ్యుల కమిషన్ 2002 మే 28న 2-1 మెజారిటీతో "సరే, వెళ్ళండి" అని తేల్చేసింది.

మన ఆఫీసు భాషలో చెప్పాలంటే యాజమాన్యం సర్వర్నీ, లైసెన్సునీ, పేరునీ పట్టుకుపోయింది. జనం మాత్రం ఫోర్క్ కొట్టారు. తీర్పు వచ్చిన నెలరోజులకి, జూన్ 29న, వింబుల్డన్ కామన్ అనే మైదానంలో సెలెక్షన్లు పెడితే ఆటగాళ్ళు సుమారు 230 మంది వచ్చారు. జూలై 10న సట్టన్ యునైటెడ్‌తో మొదటి స్నేహపూర్వక మ్యాచ్. 4-0తో చిత్తుగా ఓడిపోయారు. చూడ్డానికొచ్చిన వాళ్ళు 4,657 మంది! ఎక్కడో అట్టడుగు లీగ్ అయిన కంబైండ్ కౌంటీస్‌లో ఆడుతున్నా, ఆ సీజన్లో ఏఎఫ్‌సీ వింబుల్డన్ అనే ఈ కొత్త క్లబ్బుకి సొంత గ్రౌండులో వచ్చిన సగటు జనం, పైస్థాయి లీగ్‌లో ఆడుతున్న అసలు క్లబ్బు కంటే ఎక్కువ.

పాతది 2003లో మిల్టన్ కీన్స్ చేరి, 2004లో ఎంకే డాన్స్ అయింది. కొత్తది 2003-04 మధ్య వరుసగా 78 లీగ్ మ్యాచులు ఓడకుండా ఆడి, తొమ్మిదేళ్ళలో అయిదు మెట్లెక్కి 2011లో ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చింది. 2020 నవంబర్లో పాత గ్రౌండుకి కూతవేటు దూరంలో, అదే ప్లౌ లేన్ పేరుతో సొంత స్టేడియం తెరుచుకుంది. 1988 కప్పు తాలూకు ఘనత మాది కాదని ఎంకే డాన్స్ వాళ్ళు అంతకుముందే ఒప్పుకుని, జ్ఞాపికల్ని 2007లో ఆ పేట ఉండే మెర్టన్ కౌన్సిల్‌కి అప్పజెప్పేశారు. రికార్డుల ప్రకారం చూస్తే ఈ అభిమానులంతా టీం మార్చినవాళ్ళే. నా దృష్టిలో మారనిది వాళ్ళొక్కరే.

ఇంతవరకూ రాసి, "మనమూ అలా చెయ్యొచ్చు కదా" అని ముగిద్దామనుకున్నాను. రెండు విషయాలు అడ్డొచ్చాయి.

ఒకటి, అక్కడ నిచ్చెన ఉంది. అట్టడుగున మొదలెట్టినా గెలుస్తూ పోతే పైకి రావచ్చు. ఐఎస్‌ఎల్ మొదలైంది ఫ్రాంచైజీల పద్ధతిలో. కింది లీగ్ గెలిచి పైకొచ్చే దారి 2023లో పంజాబ్ ఎఫ్‌సీతో గానీ తెరుచుకోలేదు.

రెండోది చెప్పడానికి కొంచెం ఇబ్బందిగా ఉంది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఎలా వచ్చింది? పుణె సిటీ క్లబ్బు మూతపడితే దాని స్థానంలో. మార్సెలీన్యో, ఆదిల్ ఖాన్, నిఖిల్ పూజారి అక్కణ్ణుంచే ఇక్కడికొచ్చారు. 2022 మార్చి 20న గోవాలో కేరళ మీద 1-1 తర్వాత పెనాల్టీల్లో 3-1తో గెలిచి, కట్టిమణి మూడు షాట్లు ఆపేసి కప్పు తెచ్చినప్పుడు, నేను ఫ్లాట్లో కేకలు పెడితే పక్కింటివాళ్ళు తలుపు కొట్టారు. అప్పట్లో మా ప్రాజెక్టులో పుణె కుర్రాడొకడుండేవాడు. "కంగ్రాట్స్" అని మాత్రం మెసేజ్ పెట్టాడు. తన టీం పోయాక ఏం చూస్తున్నావని నేను ఒక్కసారి కూడా అడగలేదు. రహీం సాబ్ ఊరు ఇది, 1950 నుంచి 54 దాకా సిటీ పోలీస్ టీం వరుసగా అయిదు రోవర్స్ కప్పులు గెలిచిన ఊరు, మనకి టీం రావడం న్యాయమే అనుకున్నాను తప్ప, పుణె లెక్కలో మనం మిల్టన్ కీన్స్ అని తట్టలేదు. అక్కడి పిల్లలకి ఎంకే డాన్స్ ఎంత సొంతమో, నాకు ఆ పసుపు జెర్సీ అంత సొంతం.

మొన్న అతనికే ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఎద్దేవా చేస్తాడనుకున్నా, చెయ్యలేదు. "మీ ఊళ్ళోనే శ్రీనిధి దక్కన్ ఉందిగా, దానికి మారిపో" అన్నాడు. మంచి సలహాయే. కాకపోతే ఆ క్లబ్బుకి 2020లో ఐ-లీగ్‌లో చోటిచ్చింది విశాఖపట్నం పేరు మీద. మా అత్తగారి ఊరు విశాఖే. టికెట్ కొనే ముందు మా బావమరిదిని ఒక మాట అడగాలి.