గ్రీకు పాలరాయి, పల్నాటి సున్నపురాయి

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియాన్ని దర్శించే తెలుగు యాత్రికులు చాలామంది ముందుగా గ్రీకు శిల్పాలనే వెదుక్కుంటారు. ఏథెన్స్‌లో క్రీ.పూ. 447–432 మధ్య నిర్మించిన పార్థెనాన్ ఆలయపు శిల్పపట్టికలో సుమారు 75 మీటర్ల భాగం అక్కడ ఉంది. అదే భవనంలో, 33ఏ సంఖ్య గల మందిరంలో, కృష్ణాతీరం నుంచి వెళ్ళిన అమరావతి శిల్పాలు 1992 నుంచి అద్దాల వెనుక కొలువుతీరి ఉన్నాయి.

ఈ రెండింటి చరిత్రలకు పోలికలు లేకపోలేదు. 1687లో వెనిస్ సేనల దాడిలో పార్థెనాన్‌లోని తుపాకిమందు పేలి ఆలయం శిథిలమైంది. 1801లో లార్డ్ ఎల్గిన్ మనుషులు దాని శిల్పాలను తొలగించడం ఆరంభించారు. 1816లో బ్రిటిష్ పార్లమెంటు వాటిని 35,000 పౌన్లకు కొన్నది. సరిగ్గా ఆ సంవత్సరమే కాలిన్ మెకంజీ అమరావతికి రెండవసారి వచ్చి శిల్పాలకు చిత్రాలు గీయించాడు. అప్పటికే స్తూపానికి చాలా నష్టం జరిగింది. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు నూతన పట్టణం నిర్మించినప్పుడు దిబ్బలోని ఇటుకలు, ఫలకాలు కట్టడాలకు తరలిపోయాయి. కొన్ని సున్నపుబట్టీల పాలయ్యాయి. అంటే నష్టంలో మనవారి పాలు కూడా ఉంది.

1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరాయి. వాటిలో అధికభాగాన్ని 1859లో లండన్‌కు పంపారు. అక్కడ వాటిని పట్టించుకున్నవారు లేరు. 1867లో జేమ్స్ ఫెర్గూసన్ కంటపడేనాటికి కొన్ని బండ్లశాలలో పడి ఉన్నాయి. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. ‘ఎల్గిన్ మార్బుల్స్’ వలెనే వీటికి ‘ఇలియట్ మార్బుల్స్’ అన్న పేరు వచ్చింది. నిజానికి ఇవి పాలరాళ్ళు కావు, పల్నాటి సున్నపురాళ్ళు. గ్రీకు కళ కొలమానంగా ఉన్న కాలంలో మన రాయికి స్వంత పేరు కూడా దక్కలేదు.

అయితే ఒక భేదం గమనింపదగినది. ఏథెన్స్‌లో ఆలయం నేటికీ నిలిచి ఉంది. 1983లో గ్రీసు ప్రభుత్వం శిల్పాలను తిరిగి ఇమ్మని అధికారికంగా కోరింది. 2009లో ప్రారంభమైన ఆక్రోపోలిస్ మ్యూజియంలో, లండన్‌లో ఉన్న భాగాల స్థానంలో ప్లాస్టర్ అచ్చులు అమర్చారు. లోటు ఎంతటిదో సందర్శకునికి అక్కడ ప్రత్యక్షంగా తెలుస్తుంది. అమరావతిలో మహాస్తూపమే మిగలలేదు. మిగిలింది దాని అడుగుభాగం మాత్రమే. స్తూపం ఎలా ఉండేదో తెలియాలంటే చెన్నైలో, లండన్‌లో ఉన్న ఫలకాలను చూడవలసిందే.

లండన్‌లోని ఒక ఫలకానికి రెండువైపులా శిల్పం ఉంది. క్రీ.పూ. 1వ శతాబ్ది నాటి ముఖాన బోధివృక్షం, దాని క్రింద శూన్యాసనం కనిపిస్తాయి. సుమారు మూడు శతాబ్దాల తరువాత శిల్పులు అదే రాయిని త్రిప్పి, రెండవ ముఖాన ప్రాకారంతో, సింహాలతో, ఆయక స్తంభాలతో సంపూర్ణ స్తూపాన్ని చెక్కారు. పార్థెనాన్ శిల్పాలు తమ ఆలయానికి దూరమయ్యాయి. ఈ రాయి మాత్రం లుప్తమైన కట్టడపు రూపాన్ని తనపైనే మోస్తున్నది. గ్రీకు మందిరం చూసి వెనుదిరిగే తెలుగువాడు మరికొన్ని అడుగులు వేస్తే దానిని చూడగలడు.