ఫీడు పుట్టుపూర్వోత్తరములు

మనకు ఇష్టమైన వెబ్‌సైట్లు పది యున్నవనుకొందము. వానిలో దేనియందు నేడు క్రొత్త రచన వెలువడినదో తెలియవలెనన్న పదింటికిని పోయి చూడవలెను. ఏడెనిమిదింట నిన్నటి పుటలే యుండును. చందాదారునకు పత్రిక ఇంటికే వచ్చును గదా, వెబ్‌సైటునకు అట్టి ఏర్పాటు ఏల యుండరాదు? ఈ ప్రశ్నకు సమాధానముగా పుట్టినది ఫీడు.

1999 మార్చిలో అమెరికాలోని నెట్‌స్కేప్ సంస్థ తన ‘మై నెట్‌స్కేప్’ అను వార్తాపుట కొఱకు దీనిని వెలువరించెను. రూపొందించినవారు డాన్ లిబ్బీ, రామనాథన్ గుహా. గుహా మదరాసు ఐ.ఐ.టి.లో చదివినవాడు.

ఏర్పాటు మిక్కిలి చిన్నది. వెబ్‌సైటు తన క్రొత్త రచనల శీర్షికలను, వాని చిరునామాలను, సంగ్రహములను యంత్రము చదువదగిన జాబితాగా వ్రాసి ఒకచోట నుంచును. పాఠకుని ఫీడ్ రీడరు అప్పుడప్పుడు ఆ జాబితాను చూచి, క్రొత్తది కనబడినచో తెచ్చి చూపును. చందా అంటిమి గాని, ఇచట పంపువాడెవ్వడును లేడు. పాఠకుని పక్షమున యంత్రమే పోయి చూచివచ్చును. కావున మన పేరును, చిరునామాను ఆ సైటువారికి ఈయనక్కరలేదు. వలదనుకొన్న నాడు తీసివేసిన చాలును, బ్రతిమాలుకొను పని లేదు. మా దృష్టిలో ఫీడుయొక్క ఘనత అంతయు ఇచటనే యున్నది.

పేరు విషయమున మాత్రము పెద్ద తగవు నడచెను. ఆర్.ఎస్.ఎస్. అను మూడక్షరములకు మొదట ‘ఆర్.డి.ఎఫ్. సైట్ సమ్మరీ’ అనియు, అదే యేడు జూలైలో ‘రిచ్ సైట్ సమ్మరీ’ అనియు, 2002లో ‘రియల్లీ సింపుల్ సిండికేషన్’ అనియు అర్థము చెప్పిరి. ఒక్క బిడ్డకు మూడు బారసాలలు! డేవ్ వైనర్ ఒక త్రోవన పోగా, వేరొక బృందము 2000 డిసెంబరులో తమ 1.0 రూపమును ప్రకటించెను. ఆ బృందములోని ఏరన్ స్వార్ట్జ్‌కు అప్పటికి పదునాలుగేండ్లు. ఈ కలహము నుండి విడివడి ‘ఆటమ్’ అను మరియొక రూపము పుట్టి, 2005 డిసెంబరులో ప్రమాణముగా వెలువడెను. ఫీడ్ రీడరులు అన్ని రూపములను నేర్చుకొన్నందున పాఠకునకు నష్టము కలుగలేదు.

రేడియో గల గృహస్థులకు ఆసక్తి కలిగించు ఘట్టమొకటి కలదు. 2000 డిసెంబరులోనే వైనర్ తన రూపమున ధ్వని ఫైలు చిరునామాను జతపరచు వీలు కల్పించెను. 2004లో పాడ్‌కాస్టులు వ్యాపించినది ఆ చిన్న వీలు మీదనే. నేటికిని పాడ్‌కాస్టు ప్రసంగములు పెక్కు ఫీడు ద్వారముననే శ్రోతను చేరుచున్నవి.

తెలుగువారికిని ఇది ఉపకరించెను. ‘కూడలి’ అను సైటు పలువురు తెలుగు రచయితల ఫీడులను ఒక్కచోట చేర్చి, ఎవరు ఏ దేశమునుండి వ్రాసినను ఒకే పుటలో చూపెడిది.

2005 అక్టోబరులో గూగుల్ సంస్థ ‘గూగుల్ రీడర్’ను ఉచితముగా ఈయసాగెను. లోకమంతయు దానిని ఆశ్రయించెను. 2013 జూలై 1న సంస్థ దానిని మూసివేసెను. పాఠకులు ఆగ్రహించిరి, అయినను తమ జాబితాను మూటగట్టుకొని వేరొక రీడరునకు తరలిపోగలిగిరి. ఫీడు ఏ ఒక్కరి సొత్తును కాకపోవుటచేతనే అది సాధ్యమయ్యెను. సంస్థయే ఏది ముందు చూపవలెనో నిర్ణయించెడి సామాజిక మాధ్యమములలో అట్టి వలస సులభము కాదు.

2018 డిసెంబరులో ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు కూడ తనలోని ఫీడు వసతిని తొలగించెను. నారింజవన్నె గుర్తు ఇప్పుడు పుటలపై అరుదు. జాబితా మాత్రము పెక్కు సైట్లలో పుట వెనుక నున్నది. సైటు చిరునామాను ఫీడ్ రీడరునకు ఇచ్చినచో, తరచుగా అదియే దానిని వెదకి పట్టుకొనును.