ధహ్రాన్ కడుపునొప్పి – కొడవలి కణాల కథ

ధహ్రాన్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది చమురు. 1938లో దమ్మామ్ ఏడవ నంబరు బావిలో చమురు విస్తారంగా పడ్డాక కంపెనీ ఊరు పెరిగింది, ఊరితోపాటు ఆసుపత్రీ పెరిగింది. కతీఫ్, అల్ అహ్సా ఒయాసిస్సులకు చెందిన కార్మికులు, వారి కుటుంబాలు ఆ అరామ్‌కో ఆసుపత్రికి వచ్చేవారు. వైద్యచరిత్రలో దానికి స్థానం దక్కింది మాత్రం చమురు వల్ల కాదు, రక్తం వల్ల.

జనరల్ సర్జన్‌కు నిత్యం ఎదురయ్యేది కడుపునొప్పి. అపెండిక్సా, పిత్తాశయంలో రాయా, పేగు మెలికపడిందా? కొయ్యాలా, ఆగాలా? ఆ ఒయాసిస్సుల్లో ఇంకో అనుమానం కూడా ఉండాలి: సికిల్ సెల్. 1910లో షికాగోలో హెర్రిక్ వర్ణించిన జబ్బే ఇది. లోపం హిమోగ్లోబిన్ అణువులో ఉందని 1949లో పౌలింగ్ బృందం తేల్చింది. ప్రాణవాయువు తగ్గినప్పుడు ఎర్రకణం కొడవలిలా వంగి సన్నని రక్తనాళాలకు అడ్డుపడుతుంది. అప్పుడొచ్చే నొప్పి అచ్చం అపెండిసైటిస్‌లా ఉండవచ్చు. పొరబడి కోస్తే లోపల అపెండిక్స్ శుభ్రంగా ఉంటుంది. పైగా మత్తు, చలి, నీరు తగ్గడం కలిసి జబ్బును ఇంకా రెచ్చగొడతాయి.

చిక్కేమిటంటే, ఇదే జబ్బు నిజమైన సర్జరీ జబ్బులనూ తెచ్చిపెడుతుంది. చితికిన ఎర్రకణాల నుంచి వచ్చే బిలిరుబిన్ పేరుకుని చిన్న వయసులోనే పిత్తాశయంలో రాళ్లు కడతాయి. అరామ్‌కో వైద్యుడు ఆర్.పి. పెర్రిన్ 1973లో ఈ రాళ్ల గురించే రాశారు. రాయి కనిపించినంత మాత్రాన నొప్పికి కారణం అదేననలేం!

అంతకుముందు 1972లో పెర్రిన్, ఆయన సహచరులు లాన్సెట్ పత్రికలో మరో విశేషం చెప్పారు. ఇక్కడి రోగుల్లో చాలామందికి జబ్బు తేలికగా ఉంది. పుట్టాక తగ్గిపోవలసిన శిశు హిమోగ్లోబిన్ వీరిలో 20 శాతం దాకా మిగిలి కాపు కాస్తోంది. ఆఫ్రికా సంతతి రోగుల్లో చిన్నప్పుడే ఎండిపోయే ప్లీహం ఇక్కడ పెద్దయ్యాకా ఉబ్బే ఉండి, సర్జన్ దాకా వస్తుంది.

ఆ జన్యువు అక్కడెందుకు నిలిచిందంటే, ఊటనీళ్ల ఒయాసిస్సుల్లో మలేరియా. ఒక జన్యువే ఉన్నవారికి అది రక్ష, రెండూ ఉన్నవారికి శిక్ష.

ఇక మన సంగతి. 1986లో కులోజిక్ బృందం తూర్పు సౌదీ, ఒరిస్సా రోగుల జన్యువులను పోల్చి చూస్తే రెండూ ఒకే అచ్చు! ఇది ఆసియాలో విడిగా పుట్టిందని వారన్నారు. కాదు, మూలం ఒక్కటే, అదీ ఆఫ్రికాలోనేనని 2018లో మరో అధ్యయనం వాదించింది. పుట్టుక ఎక్కడైనా, ఆదిలాబాద్ గోండుల్లో, గోదావరి మన్యం కోయల్లో ఈ జబ్బు ఉంది. సౌదీలో 2004 నుంచి పెళ్లికి ముందు పరీక్ష తప్పనిసరి. భారత ప్రభుత్వం 2023 జూలై 1న నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది.

మన్యం నుంచి కడుపు పట్టుకుని వచ్చిన కుర్రవాడికి నిమిషాల్లో తేలే సికిల్ పరీక్ష ఉంది. కాకపోతే అది ఒక జన్యువు ఉన్నవాడినీ, రెండున్నవాడినీ వేరుచేయలేదు. అందుకు ఎలెక్ట్రోఫోరెసిస్ కావాలి. ఒక్కటే ఉన్నవాడి నొప్పిని సికిల్ ఖాతాలో వేసి ఊరుకుంటే, ఈలోగా నిజం అపెండిక్స్ పగిలిపోవచ్చు.