కర్బన నాళికలు – ఎంజైములు

కర్బనమునకు రూపములు పెక్కు. వజ్రము అదియే, పెన్సిలులోని గ్రాఫైటు అదియే, వంటింటి గోడను నల్లబరచు మసియు అదియే. 1985లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున క్రోటో, కర్ల్, స్మాలీ అను మువ్వురు గ్రాఫైటుపై లేజరు కిరణమును ప్రసరింపజేసి, 60 పరమాణువులు కాలిబంతివలె కూడియున్న అణువును కనుగొనిరి. దానికి ఫులరీన్ అని పేరు. 1996లో వారికి నోబెల్ బహుమానము లభించినది.

1991లో జపాను శాస్త్రజ్ఞుడు సుమియో ఇజిమా కర్బన నాళికలను లోకమునకు పరిచయము చేసెను. నిజమునకు రదుష్కెవిచ్, లుక్యనోవిచ్ అను సోవియట్ శాస్త్రజ్ఞులు 1952లోనే అట్టి గొట్టముల చిత్రములను ప్రకటించియుండిరి. రష్యను భాషలో వెలువడిన ఆ వ్యాసమును పశ్చిమ దేశములు చాలకాలము పట్టించుకొనలేదు. శాస్త్రమునందు సైతము ఏ భాషలో చెప్పితిమన్నది లెక్కకు వచ్చును కాబోలు!

ఈ వస్తువుల కొలత నానోమీటరు, అనగా మీటరులో 100 కోట్లవ వంతు. మన దేహములోని ఎంజైములును ఇంచుమించు ఈ కొలతకు చెందినవే. జీవరసాయన క్రియలను త్వరితపరచు మాంసకృత్తులకు ఎంజైములని పేరు. ఒక్కొక్కదానికి పని జరుగు గుంట యొకటి యుండును. ఎయిడ్సు కలిగించు హెచ్.ఐ.వి. వైరసు తన వృద్ధికి వాడుకొను ప్రోటియేజు అను ఎంజైములోని గుంట సరిగా ఫులరీను బంతి పట్టునంతటిది. గుంట లోతట్టు నీటిని ఒల్లదు, బంతియు ఒల్లదు. 1993లో కాలిఫోర్నియా పరిశోధకులు ఈ పొందికను ముందు లెక్కకట్టి, పిమ్మట ప్రయోగమున ఎంజైము పని మందగించుట చూచిరి. ఆలోచన ముచ్చటైనదే గాని, 1995 నుండి రోగులకు అందిన ప్రోటియేజు నిరోధకములు మాత్రము వేరు అణువులు.

నాళికల విషయము వేరు. వాటి గోడకు ఎంజైములు అంటుకొనును. అంటుకొనినపుడు కొన్ని తమ ఆకృతినే కోల్పోవును. 2004లో న్యూయార్కు రాష్ట్రమందలి రెన్సెలార్ విద్యాసంస్థవారు పరీక్షింపగా, సోయా పెరాక్సిడేజు తన శక్తిలో సుమారు 30 శాతము నిలుపుకొనినది. కైమోట్రిప్సిను అను జీర్ణ ఎంజైమునకు మిగిలినది 1 శాతమే.

మందును మోయు బండిగా నాళికను దేహములోనికి పంపవలెనని వైద్యుల ఆశ. మరి మందు దిగిన తరువాత ఆ బండి యేమగును? 2008లో ఎడిన్‌బరో శాస్త్రజ్ఞులు పొడవైన నాళికలను ఎలుకల ఉదరకుహరమున ప్రవేశపెట్టగా, ఆస్‌బెస్టాసు నారవలె అవి వాపును రేపినవి. ఆస్‌బెస్టాసు కార్మికులకు తెచ్చిన పుప్పుసావరణపు కాన్సరు నెరిగినవారికి ఈ పోలిక వణుకు పుట్టించినది.

ఊరట ఒక దుంపనుండి వచ్చినది. హార్స్‌రాడిష్ అనునది మన ఆవమొక్కకు జ్ఞాతి; మన మునగవేరునకు అదే ఘాటు గలదని ఇంగ్లీషువారు మునగకును ఆ పేరే తగిలించిరి. ఆ దుంపలోని పెరాక్సిడేజునకు కొలదిగా హైడ్రోజన్ పెరాక్సైడును జతచేయగా, వారముల తరబడి నాళికలు క్రమముగా క్షయించుటను పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయమున కాగన్, స్టార్ బృందము 2008లో చూపెను. అయితే ఆమ్లముతో శుద్ధిచేసి, గోడపై ఆమ్లజని గుంపులు మొలిపించిన నాళికలే ఇట్లు కరగినవి. చెక్కుచెదరని నాళిక ఆ ఎంజైమునకు లొంగలేదు.

2010లో అదే బృందము, ఇతర దేశముల సహచరులతో కూడి, మన తెల్ల రక్తకణములలోనే అట్టి ఎంజైము గలదని చూపినది. దాని పేరు మైలోపెరాక్సిడేజు. బావులలో చల్లు బ్లీచింగుపొడి జాతికి చెందిన హైపోక్లోరైటును పుట్టించి, క్రిములను చంపుట దాని నిత్యకృత్యము. అది నాళికను సైతము కొరికివేసినది. అట్లు జీర్ణమైన ముక్కలు ఎలుకల ఊపిరితిత్తులలో వాపు కలిగింపలేదు.

ఐనను రక్తకణము మ్రింగగలిగినంత పొట్టి నాళికకే ఈ గతి. కణముకంటె పొడవైనదానిని అది సగము మ్రింగి, సగము బయట వదలి, ఉక్కిరిబిక్కిరియగును. దాని తీక్ష్ణరసములు చుట్టుప్రక్కల కణజాలముపై చిందును. అందుచేతనే ఔషధముకొరకు నాళికలు చేయువారు వాటిని ముందుగా పొట్టిగా తరిగి, గోడపై ఆమ్లజని గుంపులు మొలిపించి, ఆ పిమ్మటనే మందు నెక్కించుచున్నారు.